కాల్గరీ మొత్తం మీద ఎలాంటి ఊరు? టొరంటో వైపు నుంచి వచ్చేద్దామనుకుంటున్నాం

మిస్సిసాగా_మధు

అందరికీ నమస్కారం. మేం మిస్సిసాగాలో అద్దెకుంటున్నాం. నాది డేటా ఇంజనీర్ ఉద్యోగం, మా ఆవిడ ఫార్మసీలో చేస్తోంది, బాబు సెప్టెంబరులో ఒకటో తరగతికి వస్తాడు. ఇక్కడ సొంతిల్లు మా వల్ల అయ్యేలా లేదు. కాల్గరీకి మారిపోదామని ఇద్దరం అనుకుంటున్నాం. యూట్యూబ్‌లో చూస్తే ఒకరు స్వర్గం అంటారు, ఇంకొకరు ఆ చలికి బతకలేరు అంటారు. అక్కడ కాపురాలు ఉంటున్నవాళ్ళు ఊరి గురించి మొదట్నుంచీ చెప్తే మేలు చేసినవాళ్ళవుతారు. ఊరు ఎలా పరుచుకుని ఉంది, వాతావరణం, ఉద్యోగాలు, ఏ వైపు ఇల్లు చూసుకోవాలి, అన్నీ కావాలి.

బో_నది_ఒడ్డున

మధు గారూ, చాలాకాలంగా ఇక్కడే ఉన్నవాణ్ణి, కొంచెం పెద్దదే రాస్తాను.

ముందు నేల సంగతి. ఊరు సముద్రమట్టానికి సుమారు 1,045 మీటర్ల ఎత్తులో ఉంది, అంటే మన అరకు కంటే ఎక్కువే. అయినా ఎత్తున ఉన్నామని తెలియదు. తూర్పుకి చూస్తే సస్కాచెవాన్, మానిటోబాల దాకా ఒకటే మైదానం. గోధుమ, కనోలా చేలు. జూలైలో ఊరు దాటితే ఎటు చూసినా పసుపు. పడమటికి తిరిగితే రాకీ పర్వతాలు. ఆ రెండిటి మధ్య ఉన్న మెరక నేల మీద, బో, ఎల్బో నదులు కలిసే చోట పుట్టిన ఊరు ఇది.

1875లో నార్త్ వెస్ట్ మౌంటెడ్ పోలీసులు ఆ కలయిక దగ్గర కోట కట్టారు. కానీ చరిత్ర అక్కడ మొదలు కాలేదు. బ్లాక్‌ఫుట్ జాతులు వేల ఏళ్ళుగా తిరిగిన నేల ఇది. వాళ్ళతో పాటు సుట్టీనా, స్టోనీ నకోడా ప్రజలతో 1877లో ప్రభుత్వానికి ఏడో నంబరు ఒప్పందం జరిగింది. సుట్టీనా వాళ్ళకి కేటాయించిన నేల (రిజర్వు) ఇప్పటికీ ఊరి నైరుతి అంచుకి ఆనుకునే ఉంది, రింగురోడ్డులో ఒక ముక్క వాళ్ళ నేల మీదుగానే పోతుంది. 1883లో రైలొచ్చింది. 1886లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి చెక్క భవనాలు కాలిపోయాక ఇసుకరాయితో కట్టడం మొదలుపెట్టారు. డౌన్‌టౌన్‌లో పాత సిటీ హాలు చూడండి, ఆ రాయే. 1914లో టర్నర్ వ్యాలీలో, 1947లో ఎడ్మంటన్ దగ్గర లెడుక్‌లో చమురు పడ్డాక కంపెనీల హెడ్డాఫీసులన్నీ ఇక్కడికి చేరాయి. 2021 జనాభా లెక్కల్లో ఊళ్ళో 13 లక్షల పైచిలుకు మనుషులు. టొరంటో, మాంట్రియల్ తర్వాత దేశంలో మూడో పెద్ద నగరం. ఆ లెక్క తర్వాత వచ్చిన జనం చాలా ఎక్కువ.

నన్నడిగితే ఈ ఊరు అర్థం కావాలంటే పడమట ఏం జరుగుతోందో చూడాలి. మనం తాగే నీళ్ళు ఆ కొండల్లోవే. చలికాలంలో ఊరటనిచ్చే వెచ్చటి గాలి అటు నుంచే వస్తుంది. వరదా అటు నుంచే, వడగళ్ళ మబ్బులూ అటు నుంచే. ఇల్లు ఎక్కడ కొనాలన్నది కూడా ఈ లెక్కలోనే ఆలోచించండి.

కోనసీమ_అక్క

మధూ, చలి గురించి నేను చెప్తాను తమ్ముడూ. నేను నర్సుని, ఉదయం ఆరింటికల్లా కారు తీసి బయల్దేరతాను కాబట్టి చలి ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

జనవరిలో వారం పది రోజులు మైనస్ 25, మైనస్ 30 పడిపోయే రోజులు ఉంటాయి. కారు బానెట్ ముందు నుంచి ఒక ప్లగ్గు వేలాడుతూ కనిపిస్తుంది చూడు, అది ఇంజన్ గడ్డకట్టకుండా వెచ్చగా ఉంచే బ్లాక్ హీటర్. బయట పార్క్ చేసేవాళ్ళు రాత్రి దాన్ని కరెంటుకి పెట్టుకుంటారు. కానీ టొరంటో చలికీ దీనికీ తేడా ఉంది. అక్కడి తేమ ఇక్కడ లేదు, చలికాలంలోనూ ఎండ కాస్తూనే ఉంటుంది. కెనడా పెద్ద నగరాల్లో ఎండ ఎక్కువ కాసేది ఇక్కడే.

అసలు విశేషం షినూక్. పసిఫిక్ నుంచి తేమతో వచ్చిన గాలి కొండలెక్కుతూ ఆ వైపే వానగానో మంచుగానో కురిసేస్తుంది. తేమ పోయిన పొడిగాలి ఇటు దిగేటప్పుడు కిలోమీటరుకి దాదాపు పది డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. మైనస్ 20 ఉన్న ఊరు తెల్లారేసరికి ప్లస్ అయిపోతుంది. అది వచ్చే ముందు పడమట ఆకాశంలో మబ్బు వంపు తిరిగి నిలబడుతుంది, దాని కింద నీలం ఆకాశం స్పష్టంగా కనిపిస్తుంది. రోడ్డు పక్కన కుప్పగా ఉన్న మంచు మధ్యాహ్నానికల్లా కాలవ కట్టేస్తుంది. రాత్రికి అదే నీరు గడ్డకట్టి అద్దం అవుతుంది, పడి మణికట్టు విరగ్గొట్టుకుని మా దగ్గరికి వచ్చేవాళ్ళు ఆ రోజుల్లోనే ఎక్కువ. బూట్లకి కింద మేకుల పట్టీలు దొరుకుతాయి, కొనుక్కోండి. షినూక్ వస్తే తలనొప్పి వచ్చేవాళ్ళు కూడా చాలామంది ఉన్నారు. మీ ఆవిడకి మైగ్రేన్ ఉంటే ముందే తెలుసుకోండి.

ఇంకోటి, పొడితనం. మొదటి చలికాలం పిల్లలకి ముక్కులోంచి రక్తం వస్తుంది, భయపడకండి. ఇల్లు వేడిచేసే ఫర్నేస్‌కి గాలికి తేమ ఇచ్చే హ్యూమిడిఫయర్ పెట్టించుకోండి, పడుకునే ముందు ముక్కులో కాస్త వాజలీన్ రాయండి. నేనైతే కొబ్బరినూనె రాస్తాను.

పాలమూరు_పోరడు

అక్క చలి చెప్పింది, నేను రాళ్లవాన చెప్తా. ఇల్లు కొనేటోళ్లు ముందు ఇనాల్సింది ఇదే.

మాది ఈశాన్యం, సాడిల్‌రిడ్జ్. 2020 జూన్ 13 సాయంత్రం నిమ్మకాయలంత రాళ్లు పడ్డయి. ఇండ్లకు గోడల మీద వేసే వినైల్ సైడింగ్ ఉంటది గదా, పడమర దిక్కున్నదంతా తూట్లు పడ్డది. కిటికీలు పగిలి గాజుపెంకులు పిల్లల మంచం మీద పడ్డయి. మా వీధిల ఒక్క ఇల్లు మిగల్లే. ఒక్క ఆ వానకే బీమా నష్టం 120 కోట్ల డాలర్ల పైన అయింది. 2024 ఆగస్టు 5న మళ్లీ వచ్చింది, అది ఇంకా పెద్దది, 280 కోట్ల పైమాటే. ఎయిర్‌పోర్ట్ టెర్మినల్ కూడ దెబ్బతిన్నది.

మా బీమా కంపెనీ రిపేరు పైసలు ఇచ్చుడుకు నెలలు తిప్పిచ్చింది. ప్లైవుడ్ కొట్టిన కిటికీలతోనే చలికాలం దాటినోళ్లు మా గల్లీల ఉన్నరు. ఇప్పుడు చానా పాలసీలల్ల వడగళ్లకు డిడక్టబుల్, అంటే మన జేబుల నుంచి పెట్టుకునే వంతు, వేరే ఉంటది, ఇంటి ధరల ఒక శాతం అనో, రూఫ్ పాతదైతే తరుగుదల తీసేసి ఇస్తం అనో. ఇల్లు చూస్తున్నప్పుడే రూఫ్ ఏ సంవత్సరంది, మీద పరిచిన షింగిల్ రేకులు ఏ రకం, రాళ్ల దెబ్బకు తట్టుకునే క్లాస్ 4 ఉన్నదా అని అడుగు అన్నా. సైడింగ్ హార్డీబోర్డు (సిమెంటు పలక) ఉంటే ఇంకా మంచిది. ఆఫర్ పెట్టకముందే బీమా కోట్ తీస్కో.

ఇంకో ముచ్చట. వడగళ్లు తగ్గాలని బీమా కంపెనీలే పైసలు పెట్టి ఎండాకాలం ఇమానాలతోని మబ్బుల్ల సిల్వర్ అయొడైడ్ చల్లిస్తయి. 1996 నుంచి నడుస్తున్నది. ఉరుముల మబ్బు కింద చిన్న ఇమానం తిరుగుతుంటే అదే అనుకో.

మిస్సిసాగా_మధు

పాలమూరు అన్నా, ఇది మాకు ఏ వీడియోలోనూ ఎవరూ చెప్పలేదు. చాలా థాంక్స్. అంటే ఈశాన్యం వైపు చూడొద్దంటారా? మా స్నేహితులంతా అటే ఉన్నారు.

పాలమూరు_పోరడు

వద్దన్లే అన్నా. నేను ఈడనే ఉన్న, ఈడనే ఉంట. గుడి దగ్గర, పచ్చిమిరపకాయ, గోంగూర దొరికే కొట్లు దగ్గర, జెనెసిస్ సెంటర్‌ల పిల్లల ఆటలు, లైబ్రరీ అన్నీ ఒక్క తాననే. సాడిల్‌టౌన్ నుంచి ట్రైన్ ఎక్కితే సీదా డౌన్‌టౌన్. పక్కింట్ల పంజాబీ పెద్దమ్మ ఉన్నది, మేం డ్యూటీకి పోతే పోరలను చూస్కుంటది. గా ధైర్యం ఏడ దొరుకుతది? రూఫ్ చూస్కొని కొను, అంతే.

చమురు_కబుర్లు

ఉద్యోగాల సంగతి రాస్తాను. నేను పైప్‌లైన్ రంగంలో ఉన్నాను. కంపెనీ పేరు వద్దు.

ఈ ఊరి జాతకం చమురు బ్యారెల్ ధర మీద నడుస్తుంది. 2014 మధ్యలో వంద డాలర్ల పైన ఉన్న ధర 2016 మొదట్లో ముప్పై కిందికి పోయింది. ఇంజనీర్లు, జియాలజిస్టులు, వాళ్ళ మీద ఆధారపడిన ఐటీ కాంట్రాక్టర్లు వేలల్లో ఇళ్ళకి వెళ్ళారు. నిరుద్యోగం పది శాతం దాటింది. డౌన్‌టౌన్ టవర్లలో మూడో వంతుకి దగ్గరగా ఖాళీ అయిపోయింది. నా పక్క సీటులో కూర్చునే తెలుగాయన, ఎమ్.టెక్. చేసిన రిజర్వాయర్ ఇంజనీర్, రెండేళ్ళు ట్యాక్సీ నడిపి పిల్లల్ని చదివించుకున్నాడు. ఆయన మీద నాకు చెప్పలేనంత గౌరవం.

ఆ ఖాళీ టవర్లని ఇళ్ళుగా మార్చేవాళ్ళకి డబ్బులివ్వడం 2021లో సిటీ మొదలుపెట్టింది. చాలా భవనాలు అలా అపార్ట్‌మెంట్లు అయ్యాయి, అవుతున్నాయి. నాకు ఈ ఊరిలో నచ్చిన పని ఏదంటే అదే చెప్తాను.

మీది డేటా పని కాబట్టి కాస్త నయం. ఇన్ఫోసిస్, ఎంఫసిస్ 2021లో ఇక్కడికి వస్తున్నట్టు ప్రకటించాయి, అమెజాన్ క్లౌడ్ రీజియన్ 2023 చివర్లో తెరుచుకుంది. రైల్వే, విమానాల కంపెనీ, బ్యాంకులు, ఆసుపత్రులు ఉన్నాయి. అయినా టొరంటోలో పది చోట్ల దొరికే అవకాశం ఇక్కడ మూడు నాలుగు చోట్ల దొరుకుతుంది. అందుకని నా సలహా: చేతిలో ఆఫర్ లేకుండా రాకండి. వచ్చినా ఆరు నెలల ఖర్చు చేతిలో పెట్టుకోండి. ఇప్పటి కంపెనీ రిమోట్‌కి ఒప్పుకుంటే అంతకంటే మంచి దారి లేదు.

మీ ఆవిడ విషయంలో ఫార్మసిస్ట్ అయితే ఈ రాష్ట్రం అల్బర్టాలో ఫార్మసిస్టులకి లైసెన్సులిచ్చే కాలేజీ (చదువుకునే కాలేజీ కాదు) దగ్గర రిజిస్ట్రేషన్ మార్చుకోవాలి. ఆ కాగితాలు బయల్దేరకముందే మొదలుపెట్టండి.

అనంతపురం_అబ్బాయి

నేను ఇక్కడ చదువుకుంటా, డౌన్‌టౌన్ పక్కన బెల్ట్‌లైన్‌లో ఉండా. కారు లేకుండా ఊరెట్లుంటుందో నేను చెప్తా.

ఊళ్ళో తిరిగే రైలు, సీ-ట్రైన్, 1981 నుంచి ఉంది. రెండు లైన్లు. ఎరుపు లైను వాయవ్యంలో టస్కనీ నుంచి దక్షిణాన సోమర్సెట్ దాకా, నీలం లైను సాడిల్‌టౌన్ నుంచి పడమట 69వ వీధి దాకా. డౌన్‌టౌన్ ఏడో అవెన్యూ మీద టికెట్ అవసరం లేదు, ఎక్కి దిగడమే. చలికాలంలో డౌన్‌టౌన్‌లో బయట నడవాల్సిన పనే లేదు, భవనం నుంచి భవనానికి రెండో అంతస్తులో గాజు వంతెనలుంటాయి, ప్లస్ ఫిఫ్టీన్ అంటారు. 1970లో మొదలుపెట్టి ఇప్పుడు సుమారు 16 కిలోమీటర్లు చేసినారు. రాత్రిపూట, వారాంతాల్లో చాలా తలుపులు వేసేస్తారు, అది చూసుకోవాల.

కొత్తగా వచ్చినోళ్ళు తికమకపడేది అడ్రసుల దగ్గర. ఊరిని నాలుగు ముక్కలు చేసినారు: ఈశాన్యం, వాయవ్యం, ఆగ్నేయం, నైరుతి. సెంటర్ స్ట్రీట్ తూర్పు పడమరలకి హద్దు. ఉత్తర దక్షిణాలకి బో నది, సెంటర్ అవెన్యూ. అదే నంబరు వీధి రెండు మూడు ముక్కల్లో ఉంటుంది. చివర ఎన్‌ఈ, ఎస్‌డబ్ల్యూ రాయకపోతే మీ పార్సిల్ ఊరి ఆ చివరికి పోతుంది. కొత్త కాలనీల్లో ఇంకా కష్టం. టారాడేల్‌లో వీధులన్నీ టారాతోనే మొదలు: టారాలేక్, టారాకోవ్, టారావుడ్. పిజ్జా డెలివరీ చేసినప్పుడు అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది నన్ను అదే.

సెంట్రల్ లైబ్రరీకి తప్పకుండా పోండి అన్నా. 2018లో తెరిచినారు. రైలు పట్టాల మీదుగా కట్టిన భవనం, లోపల చెక్క మెట్లు వంపు తిరిగి పైకి పోతాయి. కార్డు ఉచితం. ఉద్యోగం దొరకని రోజులన్నీ నేను అక్కడే కూర్చుని అప్లికేషన్లు పెట్టినా, ఆ చోటుకి నేను రుణపడి ఉంటా.

కోనసీమ_అక్క

అబ్బాయి చెప్పింది నిజమే కానీ మధూ, పిల్లాడితో ఉంటే కారు తప్పదు. ఊరు అడ్డంగా పరుచుకుపోయింది. ఊరి దక్షిణ చివర ఉన్న మా సీటన్ నుంచి ఈశాన్యంలో గుడికి రావాలంటే డీర్‌ఫుట్ హైవే మీద ముప్పావుగంట, ట్రాఫిక్ ఉంటే గంట దాటుతుంది. స్టోనీ ట్రైల్ రింగురోడ్డు 2023 డిసెంబరులో పూర్తయ్యాక కొంచెం ప్రాణం తేలికపడింది. ఇక్కడ పెద్ద రోడ్లని ట్రైల్ అంటారు, అలవాటవుతుంది.

చలికాలం టైర్లు చట్టప్రకారం తప్పనిసరి కాదు. అయినా వేయించుకోండి, పసిపిల్లాడిని ఎక్కించుకుని తిరగాలి. రోడ్ల మీద ఉప్పుతో పాటు కంకర కూడా చల్లుతారు. ముందు లారీ నుంచి ఎగిరి విండ్‌షీల్డు మీద పడితే చిన్న నక్షత్రంలా చిట్లుతుంది. ఆ రోజే అతికించే షాపుకి వెళ్ళండి. వదిలేస్తే ఆ రాత్రి చలికి ఒక కొస నుంచి ఇంకో కొసకి గీత పాకుతుంది.

మిస్సిసాగా_మధు

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. డబ్బు లెక్కలు, కాగితాలు కూడా ఎవరైనా రాయరూ? పన్ను తక్కువ అంటున్నారు, ఎంతవరకు నిజం?

చమురు_కబుర్లు

నిజమే. అల్బర్టాలో రాష్ట్ర అమ్మకపు పన్ను లేదు. మీ దగ్గర 13 శాతం, ఇక్కడ 5 శాతం జీఎస్టీ మాత్రమే. ఇల్లు కొంటే ఒంటారియోలో కట్టే ల్యాండ్ ట్రాన్స్‌ఫర్ ట్యాక్స్ ఇక్కడ లేదు, చిన్న రిజిస్ట్రేషన్ ఫీజుతో సరి.

ఆ మిగిలింది పోయే దారులూ ఉన్నాయి. కారు బీమా మండిపోతోంది. చలికాలం గ్యాస్, కరెంటు బిల్లులో వాడకం కంటే డెలివరీ చార్జీలే ఎక్కువ కనపడతాయి. అద్దె మీద ఇక్కడ పరిమితి లేదు. ఏడాదికి ఒకసారే పెంచాలి, నోటీసు ఇవ్వాలి, కానీ ఎంత పెంచాలన్నది ఓనరు ఇష్టం. 2022లో ఈ ప్రభుత్వమే రమ్మని టొరంటో, వాంకూవర్‌లలో ప్రకటనలు ఇచ్చింది. జనం వచ్చారు, అద్దెలూ ఇళ్ళ ధరలూ ఎక్కాయి. మీ దగ్గరితో పోలిస్తే ఇంకా తక్కువే. కానీ అయిదేళ్ళ కిందటి వీడియో చూసి ధర అంచనా వేసుకోకండి.

కాగితాలు: వచ్చిన 90 రోజుల్లో లైసెన్స్ మార్చుకోవాలి, మీ ఒంటారియో జీ లైసెన్స్ నేరుగా మారుస్తారు. కారు తెస్తే ఇక్కడ ఇన్‌స్పెక్షన్ చేయించి గానీ రిజిస్టర్ చేయరు. హెల్త్ కార్డు మూడో నెల ఒకటో తారీకు నుంచి మొదలవుతుంది, అందాకా మీ ఒంటారియో ఆరోగ్య బీమా ఓహిప్ పనిచేస్తుంది, దాన్ని రద్దు చేసుకోకండి.

కొండల_పిచ్చి

ఇంతమంది ఇంత రాసి కొండల గురించి ఎవరూ రాయలేదే! నేను ఈ ఊళ్ళో ఉండేదే వాటికోసం.

ట్రాన్స్‌కెనడా హైవే మీద పడమటికి గంటంపావు పోతే బాన్ఫ్. 1885లో అక్కడి వేడినీటి బుగ్గల చుట్టూ స్థలం కేటాయించడంతో కెనడాలో నేషనల్ పార్కులు మొదలయ్యాయి. ఇంకో ముప్పావుగంటకి లేక్ లూయీజ్. మొరేన్ లేక్‌కి 2023 నుంచి సొంత కార్లు పోనివ్వట్లేదు, షటిల్ ముందుగా బుక్ చేసుకోవాలి. వేసవి శనివారాల్లో బాన్ఫ్ ఊళ్ళో పార్కింగ్ దొరకదు. ఇక్కడ ఉండేవాళ్ళం ఎక్కువగా ఆ పక్క కొండల్లోనే ఉన్న కననాస్కిస్ పోతాం, దానికి వేరే పాస్ ఉంది. సెప్టెంబరు చివర్లో లార్చ్ చెట్లు చూడాలి. సూదాకుల చెట్టే, కానీ ఆకు రాలే ముందు బంగారం రంగు తిరుగుతుంది. రెండు మూడు వారాలే ఉంటుంది. ఎలుగుబంట్ల స్ప్రే నడుముకి పెట్టుకుని, పిల్లల్ని మాట్లాడుతూ నడవమనండి. స్ప్రే బ్యాగు అడుగున పెడితే ఉన్నా లేనట్టే.

తూర్పు వైపు ఎవరూ చెప్పరు గానీ డ్రమ్‌హెల్లర్ కూడా గంటన్నరే. చదునైన పొలాల మధ్య రోడ్డు ఒక్కసారిగా లోయలోకి దిగుతుంది, చారలు చారలుగా మట్టి కొండలు. రాయల్ టిరెల్ మ్యూజియంలో డైనోసార్ ఎముకలు చూస్తే మీ బాబు ఇంటికి రానంటాడు. కొండలు ఒక వైపు, ఎడారి లోయ ఒక వైపు, మధ్యలో మన ఊరు. ఇంకే నగరంలో ఉంది చెప్పండి?

జూలైలో స్టాంపీడ్ అనే కౌబాయ్‌ల పండగ పది రోజులు. 1912లో మొదటిసారి జరిగింది, 1923 నుంచి, 2020 తప్ప, ఏటా ఆడుతున్నారు. గుర్రాలు, ఎద్దుల పోటీల దగ్గర నా మనసు కొంచెం బాధపడుతుంది, బండ్ల పందేల్లో గుర్రాలు చనిపోయిన ఏళ్ళున్నాయి. కానీ ఆ రోజుల్లో పార్కింగ్ లాట్లలో, గుళ్ళలో, గురుద్వారాల్లో కూడా ఊరందరికీ ఉచితంగా ఉదయం టిఫిన్లు పెడతారు. తెలియనివాళ్ళ పక్కన నిలబడి పాన్‌కేక్ తినడం నాకు చాలా ఇష్టం.

మిస్సిసాగా_మధు

మా బాబుకి డైనోసార్లంటే ప్రాణం, ఇది చదివి వినిపించాను! చివరగా రెండు ప్రశ్నలు. పైన వరద అన్నారు, నది దగ్గర ఇల్లు చూడొచ్చా? బడి సంగతి ఏంటి?

బో_నది_ఒడ్డున

2013 జూన్‌లో కొండల్లో కుండపోతగా వాన, పైన ఇంకా కరగని మంచు. రెండూ కలిసి బో, ఎల్బో పొంగాయి. 75 వేల మందికి పైగా ఇళ్ళు ఖాళీ చేశారు, డౌన్‌టౌన్ మూతపడింది, హాకీ ఆడే సాడిల్‌డోమ్ స్టేడియం లోపల సీట్ల వరసలు మునిగాయి. మర్నాటి నుంచీ ముక్కూ మొహం తెలియనివాళ్ళు చీపుర్లూ బకెట్లూ పట్టుకుని వచ్చి పక్కవాళ్ళ బేస్‌మెంట్లలో బురద ఎత్తారు. రెండు వారాల్లో స్టాంపీడ్ కూడా జరిపేశారు. ఆ తర్వాత గ్లెన్‌మోర్ డ్యామ్ గేట్లు ఎత్తు పెంచారు, ఎల్బో వరద నీటిని మళ్ళించడానికి ఊరికి పడమట స్ప్రింగ్‌బ్యాంక్ దగ్గర రిజర్వాయరు కట్టారు. ఏ ఇల్లు చూసినా సిటీ వరద మ్యాపు తీసి అడ్రసు కొట్టి చూడండి. బేస్‌మెంట్‌లో మురుగునీరు వెనక్కి రాకుండా ఆపే బ్యాక్‌వాటర్ వాల్వు, ఊరిన నీళ్ళు తోడేసే సంప్ పంపు ఉన్నాయో లేదో ఇన్‌స్పెక్టర్‌ని అడగండి.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. 2024 జూన్‌లో నీళ్ళు శుద్ధి చేసే బేర్‌స్పా ప్లాంటు నుంచి వచ్చే పెద్ద గొట్టం పగిలింది. 1975లో వేసింది. ఊరి నీళ్ళలో సగానికి పైగా దానిలోంచే వచ్చేవి. వారాల తరబడి స్నానాలు, బట్టలు తగ్గించుకున్నాం, మొక్కలకి వాననీళ్ళే పోశాం. జనం మాట విని వాడకం తగ్గించారు. కానీ ఇంత వేగంగా పెరిగే ఊరు భూమి లోపల ఉన్నవాటి మీద ముందే ఖర్చు పెట్టాల్సింది. కొత్త కాలనీలకి అనుమతులు ఇచ్చినంత ఉత్సాహం గొట్టాల మీద చూపించలేదు. ఎన్నికలప్పుడు కౌన్సిలర్లని నేను అడిగేది ఇదే, మీరూ వచ్చాక అడగండి.

కోనసీమ_అక్క

బడి సంగతి: పబ్లిక్ బోర్డు, క్యాథలిక్ బోర్డు రెండూ ప్రభుత్వ డబ్బుతోనే నడుస్తాయి. కొత్త కాలనీల్లో ఇళ్ళు ముందు వస్తాయి, బడి తర్వాత ఎప్పుడో వస్తుంది. బోర్డు మీద "ఇక్కడ పాఠశాల కట్టబడును" అని ఉన్న ఖాళీ స్థలాన్ని చూసి ఇల్లు కొనకండి. అడ్రసు పట్టి బోర్డు వెబ్‌సైట్‌లో ఏ బడి పడుతుందో చూడండి. తర్వాత ఆ బడికే ఫోన్ చేసి సీటుందా, నిండిపోతే పిల్లల్ని ఏ బడికి పంపుతున్నారు, బస్సు ఎన్నింటికి అని అడగండి. మా కాలనీలో ఆరేళ్ళ పిల్లలు ఏడుంపావుకి చీకట్లో బస్సు కోసం నిలబడుతున్నారు.

మీరిద్దరూ ఒకసారి ఫిబ్రవరిలో వచ్చి చూడండి, వేసవిలో కాదు. మా ఇంట్లో దిగండి, గది ఖాళీగానే ఉంది. ప్రైవేట్ మెసేజ్‌లో నంబరు పెడతాను.

పాలమూరు_పోరడు

ఈశాన్యం చూపిచ్చుడు నాది అన్నా. శనివారం వస్తే రూఫులు చూస్కుంట నాలుగు వీధులు తిరుగుదం, పగటికి మా ఇంట్ల తిని పోదురు.